మేడం చదివిన ఆటల పేజీ

మా లైబ్రరీ మేడం మొన్న ఆదివారం పోయారు. నాకు ఫోన్ చేసి చెప్పింది, రోజూ లైబ్రరీకి వచ్చే దర్జీ చాచా. "మేడం పోయిన్రు బిడ్డా" అని ఫోన్ పెట్టేశారు.

ఉద్యోగ పరీక్షలకు చదువుకునే రోజుల్లో మెదక్ లైబ్రరీలోనే నా పొద్దంతా గడిచేది. లైబ్రేరియన్ అంటే ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, పెదాల మీద వేలు అనుకుంటూ వెళ్లాను. మేడంకు కళ్లద్దాలు ఉండేవి. వేలు మాత్రం ఎన్నడూ పెదాల మీదికి పోలేదు. చిన్నప్పుడు కబడ్డీ ఆడిన మనిషి. నవ్వితే బయట సైకిల్ ఆపుకునేవాళ్లు కూడా తలెత్తి చూసేవారు.

ఒకసారి నన్ను కబడ్డీ పోటీలకు తీసుకుపోయారు. రైడుకు వెళ్లిన కుర్రాడి కూత సరిగా వినిపించడం లేదు. మైకు పట్టుకున్న వ్యాఖ్యాత ఊరుకోలేదు. "ఏంది తమ్మీ, కూత ఇనవడ్తలేదు! లైబ్రరీల ఉన్నవా? మేడం వచ్చి ష్ అన్నదా?"

జనం గొల్లుమన్నారు. మేడం కూడా నవ్వారు. తర్వాత నావైపు వంగి మెల్లగా అన్నారు: "టీవీల గూడ గంతే బిడ్డా. గ్రౌండ్ల సప్పుడు లేకుంటే లైబ్రరీ లెక్కుందంటరు. మా కాడ పానమున్నోళ్లే ఉండరన్నట్టు."

ఆట అయ్యాక ఆమే ఆ వ్యాఖ్యాత దగ్గరికి వెళ్లారు. "మస్తు చెప్పినవ్ తమ్మీ. రేపు పొద్దుగాల జర మా లైబ్రరీకి రా."

అతను వచ్చేసరికి మేడం చాచాకు ఆటల పేజీ చదువుతున్నారు. చాచాకు చూపు పోయి చాలా కాలమైంది. పేపర్లోని నాలుగు ముక్కల వార్తను మేడం గొంతు పెంచుతూ, తగ్గిస్తూ ఆటగా మార్చేస్తుంటే ఆయన కుర్చీ అంచుకు జరిగారు.

"పట్టిన్రా? పట్టిన్రా?"

"ఆగుండ్రి చాచా, ఇంకా గీత ముట్టలే!"

మేమంతా పుస్తకాలు మూసి వింటున్నాం. వ్యాఖ్యాత గుమ్మంలోనే నిలబడిపోయాడు. చివరికి, "మైకు మీకే ఇయ్యాలె మేడం" అన్నాడు. ఇవ్వలేదనుకోండి. కానీ ఆ లైబ్రరీ జోకు మళ్లీ అతని నోట వినలేదు.

"సప్పుడుకు భయపడద్దు బిడ్డా. ఎవ్వరు రాని లైబ్రరీల సప్పుడుండదు. గా దానికి భయపడాలె" అనేవారు మేడం.

నిరుడు గొంతు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌తో మాట పోయింది. పలకరించడానికి వచ్చిన ఒకాయన, "ఇప్పుడు అసలైన లైబ్రేరియన్ అయిన్రు" అంటూ నవ్వించబోయాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకున్నారు. మేడం ఏడవడం నేను చూసింది అప్పుడే.

చివరిసారి వెళ్లినప్పుడు మంచం పక్కన చాచా ఉన్నారు. టీవీ ముందు కూర్చుని విన్న మ్యాచ్‌ను, సగం తెలుగులో సగం ఉర్దూలో, చేతులు ఊపుతూ ఆమెకు చెబుతున్నారు. మేడం ఎప్పుడు నిద్రలోకి జారుకున్నారో ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. సాయంత్రపు ఎండ మంచం మీదికి వచ్చింది. చాచా గొంతు ఇంకాస్త పెంచి, మళ్లీ రైడుకు పోయారు.