వేలికి పట్టేసిన టంగ్‌స్టన్ ఉంగరం

పెళ్లికి పది రోజుల ముందు, కాబోయే మావారికి ఉంగరం కొనడానికి ఇద్దరం పంజాగుట్టలో ఒక షాపుకి వెళ్లాం. పెద్దలు కుదిర్చిన సంబంధం, అప్పటికి మేం మాట్లాడుకున్నదే తక్కువ.

ఆయన అమీర్‌పేటలో లిఫ్టులు బాగుచేస్తారు. బంగారమైతే పనిలో సొట్టలు పడుతుందని, గీత కూడా పడని నల్లటి టంగ్‌స్టన్ ఉంగరం అడిగి వేలికి తొడుక్కున్నారు. ఎండలో బండి మీద వచ్చారేమో, వేలు ఉబ్బి అది ఇక ఊడి రాలేదు. సబ్బు రాసి లాగితే వేలు ఇంకా ఉబ్బింది.

"గిది కోస్తే తెగదన్నా, పగలగొట్టుడే," అన్నాడు షాపాయన.

పెళ్లి కాకముందే ఉంగరం పగిలిందంటే మా అమ్మ ఏమంటుందోనని నాకు చెమటలు పట్టాయి.

"జర ఆగు భాయ్. వేరే దారి లేదా?" అన్నారు ఈయన.

"చెయ్యి పైకెత్తి కూసోండ్రి. వాపు దిగితే వస్తదేమో చూద్దాం."

ఆయన ప్రార్థనలో ఎత్తినట్టు చేయెత్తి కూర్చున్నారు. కాసేపటికి అది వణకసాగింది. నేనేమీ ఆలోచించకుండా పట్టుకున్నాను. అరచేతిలో కాయలు తగిలాయి. అద్దాల అవతల మెట్రో రైలు నీళ్లలో చేపలా సాగిపోయింది. దాని వెనకే ఇంకొకటి. ఎంతసేపయిందో తెలియదు.

"వాపెప్పుడో దిగింది మేడమ్. జర చెయ్యి ఇడిస్తే ఉంగరం తీస్త."

ఒక సైజు పెద్దది తీసుకున్నాం. పెళ్లిలో పాస్టర్ గారు చేతులు కలపమన్నప్పుడు, నేను బెదరలేదని అమ్మ మురిసిపోయింది. అది మాకు రెండోసారని ఆమెకు ఇప్పటికీ తెలియదు.