సగం కార్డు బేరం

పోయిన వారం హుకుంపేట అవతల మా నేస్తం కళ్ళంలో ఉన్నవాళ్ళు నలుగురు: నేను, నేస్తం, అతని భార్య, వాళ్ళ ఆరేళ్ళ కూతురు. ఉన్న వస్తువులు: టార్పాలిన్ మీద ఎండుతున్న కాఫీ గింజలు, కాఫీ పళ్ళ తొక్క తీసే యంత్రం, దానికి బిగించడానికి నేను తెచ్చిన మోటారు, ఒక పాత బిస్కెట్ల డబ్బా. పిల్ల ఆ డబ్బాలోంచి కార్డులు ఒక్కొక్కటే తీసి గోనె మీద పేరుస్తోంది. ఒక కార్డు దగ్గర ఆగి, "ఈడి సెయ్యేది నాన్నా?" అంది. ఆ కార్డు మీది నీలం వీరుడికి మణికట్టు దాకానే ఉంది. మిగతా చెయ్యి నా పర్సులో ఉంది.

మా చిన్నప్పుడు చిప్స్ ప్యాకెట్లలో ఆ కార్డులు వచ్చేవి. రెండు వేర్వేరు కామిక్స్ కంపెనీల వీరులు ఒకే కథలోకొచ్చి ముందు కొట్టుకుని, తర్వాత కలిసి పోరాడే వరస అది. ఒక కంపెనీ వాళ్ళు ఎర్ర ప్యాకెట్లో, రెండో కంపెనీ వాళ్ళు నీలం ప్యాకెట్లో. వెనక ఎత్తు, బరువు, బలం, వేగం అంకెల్లో ఉండేవి. ఎక్కాల కంటే ముందు నాకు అవే వచ్చాయి. విజయనగరం వైపు నుంచి వచ్చి మా నాన్న హుకుంపేటలో పెట్టిన కిరాణా కొట్టుకి పాడేరు డీలరు ఎర్ర ప్యాకెట్ల సరాలు మాత్రమే వేసేవాడు. జి.మాడుగుల వైపు కొండ మీది ఊళ్ళకు నీలం ప్యాకెట్లే ఎక్కేవి. ఆ వైపు నుంచి ఒక కుర్రాడు సంతరోజు వాళ్ళ నాన్నతో మా కొట్టుకి పసుపు తెచ్చేవాడు. పెద్దవాళ్ళు కాటా దగ్గర ఉంటే మేం ఉప్పు బస్తాల వెనక ఎరుపుకి నీలం మార్చుకునేవాళ్ళం.

చిక్కంతా ఒక్క బొమ్మ దగ్గర వచ్చింది. ఇద్దరు నాయకులు చెయ్యి కలిపే బొమ్మ రెండు కార్డులుగా వచ్చింది. ఎర్ర నాయకుడూ, చేతులు కలిసిన చోటూ నా ముక్కలో, నీలం నాయకుడు అతని ముక్కలో. అతని ముక్కకి నేను నాలుగు కార్డులిస్తానన్నాను. నా ముక్కకి అతనూ నాలుగే అన్నాడు. ఇద్దరం కొనేవాళ్ళమే, అమ్మేవాడు లేడు. మాటలయ్యాక చేతులు లేచాయి. అతని ముక్కులోంచి రక్తం, నా చొక్కాకి బొత్తాల్లేవు. మా నానమ్మ వచ్చి ఇద్దర్నీ చెరో చెవీ పట్టుకుని, "ఈ గుంటలకి నేస్తం కట్టెయ్యండి, కుదురొత్తాది" అంది.

మా వైపు నేస్తం కట్టడమంటే ఇద్దర్ని జన్మంతా స్నేహితులుగా ముడెయ్యడం, చిన్న పెళ్ళంత పని. ఇద్దరం కొత్త తువ్వాళ్ళు మార్చుకున్నాం, ఒకే అడ్డాకు విస్తట్లో కోడికూర తిన్నాం. ఆ తర్వాత నానమ్మ నియమాలు చెప్పింది: పేరు పెట్టి పిలవకూడదు, ఒకరడిగితే ఇంకొకరు లేదనకూడదు, ఇరు ఇళ్ళ మధ్యా బేరం ఉండకూడదు. మూడో నియమం మా నాన్న వ్యాపారాన్ని తాకుతుందని ఎవరికీ తోచలేదు. తర్వాతి సంతకి వాళ్ళ నాన్న పసుపు దింపితే, "ధర నువ్వే సెప్పు" అన్నాడు మా నాన్న. "కాదు బావా, నువ్వే సెప్పు" అన్నాడాయన. ఇద్దరూ కాటా ముందు కూచుని టీలు తాగారు. చివరికి ఏజెన్సీలోకెల్లా మంచి పసుపు ఎదురుకొట్టుకి పోయింది. "కొట్లాటే నయం, సరుకన్నా వచ్చేది" అనేవాడు నాన్న.

నా కష్టం వేరు. అడిగితే అతను ఇచ్చి తీరాలి. అలా లాక్కున్నట్టవుతుందని నేను అడగలేదు. అతనూ అడగలేదు. అందుకని ప్రతి సంతకీ తన ముక్క తెచ్చేవాడు. "పెట్టు నేస్తం" అనేవాడు. గల్లాపెట్టె మీద అంచులు ఆనించి, బొమ్మ చూసుకుని, ఎవరి ముక్క వాళ్ళు తీసుకునేవాళ్ళం. నేను విశాఖలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు రెండుసార్లు హాస్టల్‌కి కూడా తెచ్చాడు. కాఫీ సంగతులూ, పెళ్ళి సంగతీ బొమ్మ చూశాకే చెప్పేవాడు. ముక్కలు ఒకచోట చేరితే ఈ రాకపోకలు ఆగిపోతాయేమోనని నాకు లోపల భయంగా ఉండేది.

కళ్ళంలో పర్సులోంచి నా ముక్క తీసి చూపించగానే పిల్ల చెయ్యి చాపింది. "నాకిచ్చెయ్ మావయ్యా."

"అడక్కూడదే, నాన్నకి నేస్తం" అంది తల్లి.

నేస్తం మోటారు బోల్టు మీంచి తలెత్తలేదు. "నేస్తరికం నాకూ ఆయనకీ. దానికేటి?"

"ఏమిస్తావు?" అన్నాను. పిల్ల మూడు కార్డులు తోసింది. "అవి మీ నాన్నవి. నీ సొంతానిది ఇయ్యి." ఆలోచించి గౌను జేబులోంచి జామకాయ తీసింది. రెండడిగాను. "ఒకటే. లేపోతే నువ్వే ఉంచుకో" అని జామకాయ మళ్ళీ జేబులో పెట్టుకోబోయింది. కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి, ఒక్కదానికే ఒప్పుకున్నాను.

గోనె మీద అంచులు కలిశాయి. నేస్తం చేతులు తుడుచుకుని వచ్చి చాలాసేపు చూశాడు. "మోటారు ఈయాల అవదు. పై సంతకి బేగొచ్చెయ్ నేస్తం" అన్నాడు. వస్తానన్నాను. ఉప్పు బస్తాల వెనక ఆ రోజే బేరం కుదిరుంటే, మాలో ఒకరికి బొమ్మ దక్కేది, రెండోవాడు ఏ ఊరివాడో కూడా ఇప్పటికి గుర్తుండేది కాదు. ఆ బేరం కుదరడానికి పదిహేడేళ్ళు పట్టింది.