ఇలోనా ఇంట్లో ఉప్పు

శనివారం పొద్దున ఆరింటికి మా ఊరు బాతెల్‌లో బయల్దేరాం. మా ఆయన సియాటిల్ స్టేషన్ దాకా డ్రైవ్ చేసి, "గొడ్డు మాంసం వండడానికి టికెట్ కొనుక్కుని వెళ్లే శాకాహారివి నువ్వొక్కదానివే" అని సాగనంపారు. పోర్ట్‌లాండ్ రైలు ఏడున్నరకి. ప్రయాణం మూడున్నర గంటలు. వెళ్లేటప్పుడు కుడివైపు సీటు చూసుకోండి, కెల్సో స్టేషన్ దాటాక కొలంబియా నది కనిపిస్తుంది.

ఇలోనా, నేను ఒకే ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాం. ఆవిడది హంగరీ. రిటైరయ్యాక భర్త లాస్లోతో పోర్ట్‌లాండ్ వెళ్లిపోయింది. రెండేళ్ల కిందట జబ్బుచేసి వాసన, రుచి రెండూ పోయాయి. అయినా అలవాటు మీద వండుతూనే ఉంది. తిన్నవాళ్లంతా బాగుంది అనేవాళ్లు, ఒకసారి వెళ్లినప్పుడు నేను కూడా. పోయిన నెల లాస్లో తన ప్లేట్‌ని చాటుగా చెత్తబుట్టలో వంపడం చూసింది. అంతే, వంట మానేసింది.

"శనివారం లాస్లో పుట్టినరోజు. మా పొర్కోల్ట్ నువ్వొచ్చి వండిపెట్టు. ఆ తర్వాత ఈ ఇంట్లో పొయ్యి వెలగదు" అంది ఫోన్‌లో. పొర్కోల్ట్ అంటే వాళ్ల గొడ్డు మాంసం కూర. నైవేద్యం రుచి చూడకుండా వండుతామని ఎప్పుడో నేనే గొప్పగా చెప్పాను. అది గుర్తుపెట్టుకుంది.

పక్క సీట్లో వరంగల్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్. నా పులిహోర తింటూ కథంతా విన్నాడు. "మీరు తినరు, ఆమెకు రుచి తెల్వదు. మరి ఉప్పెట్ల చూస్తరు ఆంటీ?" అన్నాడు. వాసన పట్టి చెప్పేస్తానన్నాను. అప్పటికి నాకు అంత నమ్మకం ఉంది.

పదకొండు దాటాక దిగాను. ఇలోనా కార్లో ఇంటికి పదిహేను నిమిషాలు. ఉల్లిపాయలు సన్నగా తరిగి, సన్నటి మంట మీద ఇరవై నిమిషాలు మగ్గించాను. వాళ్ల ఎర్ర మిరప పొడి, పాప్రికా, మన పోపులో వేసినట్టు కాగే నూనెలో వేయబోతే ఇలోనా నా మణికట్టు పట్టుకుంది.

"ముందు గిన్నె దించు. మాడితే చేదెక్కుతుంది."

దించి, పొడి కలిపి, చెంచాడు నీళ్లు చిలకరించి మాంసం వేశాను. ఆ వాసన నాకు పడలేదు, దాచడం ఎందుకు. రెండుసార్లు బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. రెండున్నర గంటలు మూతపెట్టి, అడుగంటబోయినప్పుడల్లా కొంచెం కొంచెం నీళ్లు పోశాం. ఆవిరి వాసన చూసి ఉప్పు నేనే వేశాను.

మూడున్నరకి లాస్లో ముందు ప్లేట్ పెట్టాం. రెండు ముద్దలు తిని నావైపు చూశాడు.

"ఉప్పు చాలలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇలోనా మాత్రం నన్ను చూడలేదు.

"ఈ మాట రెండేళ్లలో నాతో ఒక్కసారైనా అన్నావా?"

"నువ్వు బాధపడతావని," అన్నాడాయన.

"బాధపడి సరిచేసుకునేదాన్ని కదా."

ఆయన ఉప్పు చల్లుకుని ఇంకోసారి వడ్డించుకున్నాడు. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి పొయ్యి మీద నీలం గిన్నె ఉంది. నేను వాళ్లింటికి మొదటిసారి భోజనానికి వెళ్లినప్పుడు నాకోసం విడిగా కొన్న గిన్నె అది. ఇన్నేళ్లలో అందులో మాంసం పడలేదు. అదే కూర, మాంసం బదులు బంగాళాదుంపలతో. ఇలోనా డబ్బాలో సర్ది, పక్కన చిన్న పెరుగు డబ్బా కూడా పెట్టింది. "రైల్లో తిని ఫోన్ చెయ్యి. బాగుంది అని మాత్రం అనకు."

తిరుగు రైలు రెండున్నరకి. నది దాటి కెల్సో వచ్చాక డబ్బా తెరిచాను. రంగు అద్భుతం. మొదటి ముద్దకే మంచినీళ్ల సీసా వెతుక్కున్నాను. ఫోన్ చేస్తే ఒక్క రింగుకే ఎత్తింది. బాగుంది అనే మాట నోటిదాకా వచ్చింది. అలవాటు అలాంటిది. పైగా ఆవిడ మళ్లీ పొయ్యి ఆర్పేస్తుందేమోనని భయం.

"ఇలోనా, ఉప్పు ఎక్కువైంది."



"ఎంత?"

"అర చెంచా."

"ఉండు, రాసుకోనీ," అంది. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "పాప్రికా మాడిందా?"

"లేదు."

"అయితే వచ్చే శనివారం మళ్లీ వండుతాను. లాస్లోని అడుగుతాను, చెప్తాడు."

ఫోన్ పెట్టేశాక నాకు కళ్లు చెమర్చాయి. మిగిలిన కూరలో పెరుగు కలుపుకుని డబ్బా ఖాళీ చేశాను. ఆరు దాటాక సియాటిల్‌లో దిగితే, మా ఆయన సంచి అందుకుంటూ వంట ఎలా కుదిరిందని అడిగారు.

"నాది ఉప్పు చాలలేదు, ఆవిడది ఎక్కువైంది."

"మరి ఇంత సంతోషంగా చెబుతున్నావేంటి?" అన్నారాయన.