సంబంధాల పంతులమ్మ

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, కిరాయికి తీసుకున్న మూడు గదుల ఆడపిల్లల బడిలో మా విద్యావతి పంతులమ్మ పదేళ్లకు పైగా బీజగణితం చెప్పారు. రైలు కూస్తే మాట ఆపేవారు. కూత అయ్యాక ఆపిన అక్షరం దగ్గరే అందుకునేవారు. పై చదువంతా ఉర్దూలోనే సాగే రోజులవి. మాకు తెలుగులో చెప్పడానికి ఒక్కో మాటా ఆవిడే వెతుక్కోవలసి వచ్చేది. రెండు రాశుల మధ్య ఉండే లంకెకు 'సంబంధం' అని పేరు పెట్టారు. ఆ మాటే నా కొంప ముంచింది.

1943లో ఒక సాయంత్రం, ఆబిడ్స్‌లోని మా ఇంట్లో నాయనమ్మ కొండమ్మ అడిగింది.

"ఏం జెప్పిన్రే నళినీ, బడిల ఇయ్యాల?"

"సంబంధాలు, నాయనమ్మా. ఏది ఎసొంటిదో బోర్డు మీద రాసి చూపెట్టిన్రు."

మా ఇంట్లో సంబంధమంటే పెళ్లి సంబంధమే. మర్నాడు నాకంటే ముందు నాయనమ్మే బడికి చేరింది.

"మా పిల్లకు సంబంధాలు జూడనీకి మేం సచ్చినమా? దాని పేరు కొట్టెయ్యి, పంతులమ్మా!"

తరగతిలో పదకొండు మందీ నా వైపే చూశారు. మెట్రిక్ దాకా చదవాలన్న నా ఆశ అక్కడితో సరి అనుకున్నాను.

పంతులమ్మ నవ్వలేదు. ముందు బెంచీ కొంగుతో తుడిచారు.

"కూసోండమ్మా. నేను చూసే సంబంధాలేందో మీరే జూడండి. నచ్చకుంటే పేరు నేనే కొట్టేస్తా. వంటోళ్లు ఇద్దరుంటే నాలుగు గంటల పని. నలుగురైతే?"

"రెండు గంటలు. ముచ్చట్లు పెట్టకుంటె!"

"ఔ. ఒకటి రెండింతలైతే ఇంకోటి సగమైంది. ఇది విలోమం. ఇగ బియ్యం. మీ ఇంట్ల పండుగకు యాభై మందొస్తే ఎన్ని సేర్లు?"

"పదకొండు."

"నూరు మందికి?"

"ఇరవై రెండు!" మేమంతా ఒక్క గొంతుతో అరిచాం. పంతులమ్మ అప్పుడే 'అనులోమం' అని రాయడం మొదలుపెట్టారు.

"ఏం ఇరవై రెండు? ఇరవై ఒకటి!" అంది నాయనమ్మ. "అండ్ల ఒక సేరు నైవేద్యానికి. మంది రెండింతలైతే దేవుడు గూడ ఇద్దరైతడా?"

సుద్దముక్క ఆగింది. రాసిన రెండక్షరాలనూ పంతులమ్మ అరచేత్తో చెరిపేశారు.

"తప్పు నాదే. పిల్లలూ, రెండూ పెరిగినంత మాత్రాన అనులోమం గాదు. రెండింతలకు రెండింతలు కావాలె. ఆ సేరు పక్కకు తీయండి. యాభైకి పది, నూరుకు ఇరవై. ఇప్పుడైంది అనులోమం."

ఎంత ధీమాగా అన్నారంటే, ఆ తప్పు కూడా పాఠంలోదే అనిపించింది.

నాయనమ్మ లేచింది. పంతులమ్మ హాజరు పుస్తకం తెరిచి, "పేరు కొట్టెయ్యాల్నా అమ్మా?" అన్నారు.

"జర ఆగు. పద్నాలుగేండ్లొచ్చినయి, నైవేద్యం మరిచి లెక్క జేస్తది. గిసొంటిదాన్ని ఎవరింటికి కోడలుగ పంపుత? మెట్రికో గిట్రికో, అది అయినంకనే జూస్త సంబంధాలు."