శనివారం నాటి రెండు పాళ్లు

మా ఆయన మురుగునీటి శుద్ధి కేంద్రంలో బురద ట్యాంకు చూసుకునేవారు. గాలి చొరబడని ఆ ట్యాంకులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఊరి మురికిని పులియబెట్టి గ్యాసుగా మారుస్తాయి. వాటికి రోజూ ఉదయం కొంచెం కొంచెంగా బురద పంపాలి. అందుకే ఆదివారం ఆయన దువ్వాడలోని మా క్రైస్తవ సంఘానికి చేరేసరికి, ప్రభువు జ్ఞాపకంగా అందరూ కలిసి రొట్టె విరవడం అయిపోయేది. సంఘపెద్ద ఆయన కోసం బల్ల మీద ఒక ముక్క తెల్లగుడ్డ కింద ఉంచేవారు. ఒక్కసారైనా అందరితో కలిసి తీసుకోవాలని ఆయనకు మహా కోరిక.

ఎడారిలో ఇశ్రాయేలీయుల కోసం దేవుడు రోజూ ఆకాశం నుంచి కురిపించిన మన్నా అనే ఆహారం గురించిన ప్రసంగం విన్నాక, ఒక శనివారం ఆయన రెండు రోజుల బురద ఒకేసారి పంపేశారు. "ఇశ్రాయేలోళ్లు విశ్రాంతి దినానికి ముందురోజే రెండింతలు ఏరుకున్నారు కదేటి," అన్నారు నాతో.

మర్నాడు మగవాళ్ల వరసలో ముందు కూర్చున్నారు.

"ఏటి బావా, ఈయాల నీ ట్యాంకు సెలవిచ్చిందా?" అన్నాడు పక్కనున్న ఆటో డ్రైవరు. ఆయన నవ్వి, అందరితో పాటు రొట్టె తీసుకున్నారు.

సోమవారానికి మేత ఎక్కువై ట్యాంకు నురగ పొంగింది, గ్యాసు తగ్గి దాన్ని మండించే గొట్టం మీద మంట ఆరిపోయింది. అది తేరుకోవడానికి వారాలు పట్టింది.

"దానికి విశ్రాంతి దినం తెలీదే. ఇంక నాను ఆలస్యంగానే వత్తాను," అన్నారు.

ఈ వానాకాలంలో గుండె ఆగి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. సమాధి చేశాక వచ్చిన ఆదివారం, సంఘపెద్ద అలవాటు కొద్దీ ఒక ముక్క గుడ్డ కింద ఉంచారు. ఆరాధన ముగిసినా దాన్ని ఎవరూ తీయలేదు. పరలోకపు బల్ల దగ్గరికి ఆయన వేళకే చేరారని నా విశ్వాసం. అయినా నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.