అమల బ్లడ్

అమల ఇంటిపేరు క్యాంపస్‌లో ఎవరికీ తెలియదు. వందల మంది ఫోన్లలో ఆమె నంబరు "అమల బ్లడ్" అనే ఉంటుంది. సిటీలో ఎవరికి రక్తం కావాలన్నా గోడల మీద పోస్టరు చూసి ఆమెకే ఫోన్ చేస్తారు. ఆమె గ్రూపు అడిగి, ఆసుపత్రి ఎక్కడో కనుక్కుని, ఎవరో ఒకరిని పంపిస్తుంది. ఆ రోగి బతికాడా లేదా అన్న కబురు మాత్రం మళ్లీ రాదు. పని అయ్యాక ఫోన్ చేసే అలవాటు మనవాళ్లకు ఎక్కడిది?

తమాషా ఏమిటంటే, అమల ఒక్కసారి కూడా రక్తం ఇవ్వలేదు. డిగ్రీలో ఉండగా మొదటి క్యాంపులో అందరికంటే ముందు నిలబడింది. రక్తం ఇవ్వాలంటే నలభై ఐదు కిలోలైనా ఉండాలి, బరువు మిషన్ ముల్లు అంతదాకా రాలేదు. ముందు నువ్వు కడుపు నిండా తిను పిల్లా అని నవ్వి నర్సు వెనక్కి పంపేసింది. ఊరికే నిలబడింది కదా, ఇచ్చేవాళ్లను పిలవమని ఎవరో ఆమె చేతికి మైకు ఇచ్చారు. ఆ తర్వాత ప్రతి క్యాంపులోనూ అరటిపళ్లు తిని, చెంబెడు నీళ్లు తాగి మిషన్ ఎక్కేది. ముల్లుకు మొండితనం ఎక్కువ, కదలలేదు. అలా ఇవ్వలేని పిల్ల అడగడంలో ఆరితేరింది. ఇప్పుడు ఎం.ఏ. రెండో ఏడు.

అడగడంలో ఆమెకు కొన్ని నియమాలున్నాయి. అవసరం లేకుండా డోనర్‌కు ఫోన్ చేయకూడదు. ఊరికే పలకరిస్తూ పోతే రేపు నిజంగా అవసరం పడ్డప్పుడు ఫోన్ ఎత్తరు. పేషెంట్ ఎవరని డోనర్ అడగకూడదు, ఇచ్చి రావాలి. కొత్తగా చేరిన వాలంటీర్లకు ఈ రెండే మొదటి పాఠాలు.

నియమం మంచిదే. కానీ ఈ మహాతల్లి తనకు తెలిసినవాళ్లందరినీ ఒక్కొక్కరినే డోనర్లను చేసి పెట్టింది. క్లాసులో పక్కన కూర్చునే కరుణ డోనరే. లైబ్రరీలో పరిచయమైన నాగేష్ డోనరే. మెస్‌లో వడ్డించే కుర్రాళ్లూ డోనర్లే. ఇక ఊరికే ఎవరికి ఫోన్ చేయాలి? ఆదివారం చర్చి నుంచి వచ్చి మంచం మీద కూర్చునేది. ఫోన్‌లో పేర్లన్నీ పైకీ కిందికీ జరిపి పక్కన పెట్టేసేది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్నట్టు ఉండేది ఆమె బతుకు.

ఎండాకాలం సెలవులకు పిల్లలు ఊళ్లకు పోతే రక్తానికి కరువొస్తుంది. అందుకని మొన్నటి మే నెలలో అమల హాస్టల్లోనే ఉండిపోయింది. గదిలో తనొక్కతే. ఓ పొద్దున కడుపులో కుడివైపు నొప్పి మొదలైంది. మధ్యాహ్నానికి నిటారుగా నిలబడలేకపోయింది. హాస్టల్ గేటు దగ్గర కాపలా ఉండే ఈరమ్మ ఆటో పిలిచి, తార్నాకలో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లి దించింది. గేటు దగ్గర ఇంకెవరూ లేరని వెంటనే వెనక్కి పోయింది. ఆమెను అనడానికి లేదు.

డాక్టరు స్కాన్ చూసి, అపెండిక్స్ అనీ, సాయంత్రానికల్లా ఆపరేషన్ చేయాలనీ చెప్పాడు. తర్వాత నర్సు వచ్చింది.

"నీతోని ఎవరొచ్చిండ్రమ్మా? అటెండెంట్ ఎవరు?"

ఎవరూ లేరంది అమల. పక్కన మనిషి లేకుండా లోపలికి తీసుకుపోరట. ఎవరినైనా పిలిపించుకోమని చెప్పి నర్సు వెళ్లిపోయింది.

అమల బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి ఫోన్ తీసింది. మోత్కూరు అవతల పల్లెలో ఉన్న తండ్రి ఇన్నయ్యకు చేసింది. ఆయన ఫోన్ ఇంట్లో పెట్టి చేనుకు పోయినట్టున్నాడు, మోగి మోగి ఆగిపోయింది. తర్వాత నాగేష్‌కు చేసింది. ఎత్తగానే అతనే మొదలుపెట్టాడు.

"అక్కా, నేను పోయిన నెలనే ఇచ్చిన గదా. మూన్నెల్లు కాలే ఇంకా."

"అవును తమ్మీ, మర్శిపోయిన," అని పెట్టేసింది.

కరుణ ఊర్లో ఉంది. అమల ఆసుపత్రి పేరు చెప్పి, అక్కడ ఉన్నానని అంటుండగానే, నేను గ్రూపులో పెడతాను, నువ్వు టెన్షన్ పడకు అని ఆమె ఫోన్ పెట్టేసింది. రెండు నిమిషాల్లో వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఆసుపత్రి పేరు వేసి, తార్నాకలో అర్జెంటుగా రక్తం కావాలి, వివరాలకు అమలక్కకు ఫోన్ చేయండి అని. ఇక ఫోన్లే ఫోన్లు. ఏ గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ బ్లడ్ బ్యాంకు? అందరూ మంచివాళ్లే. అందరికీ ఆమె ఒకటే చెప్పింది, అవసరం తీరిపోయిందని.

నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారు మీరు. నాకూ ఆ పిల్ల మీద కోపమే వచ్చింది. ఊళ్లో వాళ్ల కోసం ఎవరి కాళ్లయినా పట్టుకునే మనిషికి, నాకు కావాలి అనే మాట రాలేదు. ఎప్పుడూ అనలేదు కనుక ఎలా అనాలో తెలియలేదు. ఎవరైనా కాదంటారని కూడా ఆమె భయపడలేదు. తను ఎవరికీ ఏమీ కాదేమో, ఉత్త నంబరేనేమో అని భయపడింది. నొప్పి కంటే అది ఎక్కువ బాధపెట్టింది.

నాలుగు దాటాక నర్సు మళ్లీ వచ్చి, డాక్టరు గారు అడుగుతున్నారని చెప్పి పోయింది. అప్పుడే ఒకాయన లోపలికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనివాడు, డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా వచ్చినట్టు చేతులకు ఇంకా గ్రీజు మరకలున్నాయి. ఆ బెంచీకే ఆ చివర కూర్చుని, చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, ఫోన్ చేశాడు.

అమల చేతిలో ఫోన్ మోగింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అతను యోహాను. మూడేళ్లుగా పిలిచినప్పుడల్లా వచ్చి ఇచ్చి పోయేవాడు. మొహాలు చూసుకోవడం ఇదే మొదలు.

"నువ్వేనామ్మా అమల? గొంతు ఇని ఎవరో పెద్ద మేడమనుకున్న," అన్నాడు. ఇవ్వడానికి ఎటు పోవాలని అడిగాడు. పేషెంట్ ఎవరని మాత్రం అడగలేదు. ఆమె నేర్పిన పద్ధతే అది.

అవసరం తీరిపోయిందన్న మాట అమల నాలుక చివరిదాకా వచ్చింది. నొప్పి మెలిపెట్టింది. బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"రక్తం వద్దన్నా. పేషెంట్‌ను నేనే. నాకు పక్కకు ఒక మనిషి కావాలె."

యోహాను మడిచిన చొక్కా చేతిని మెల్లగా కిందికి దించుకున్నాడు. ఇంటికి ఫోన్ చేసి, రాత్రికి అన్నం డబ్బా పట్టుకుని ఇక్కడికి రమ్మని భార్య అమృతమ్మకు చెప్పాడు. తర్వాత లేచి నర్సు బల్ల దగ్గరికి పోయి, ఆ పిల్లతో తాను ఉన్నానన్నాడు.

నర్సు కాగితం అతని ముందుకు జరిపింది. "నువ్వేమైతవ్ ఆమెకు?"

యోహాను తల గోక్కున్నాడు. వెనక్కి తిరిగి అమలను చూశాడు.

"ఫోన్ల మాట్లాడుకుంటం సిస్టర్," అన్నాడు.

అమల రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నర్సు గబగబా వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఏందమ్మా, గింత భయమా? ఇంకా సూదే గుచ్చలే."