మీటల మీద తెల్లరంగు

కావలి స్టేషన్ రోడ్డులో చిన్న షాపు పెట్టుకుని టైటస్ టైపు మిషన్లు బాగుచేసేవాడు. ఆయన భార్య ఎలిశబెతు ఆ మిషన్ల మీటలకు అక్షరాలు పెట్టేది. ఇన్‌స్టిట్యూట్లలో నేర్చుకునేవాళ్ల వేళ్లు పడీ పడీ కొన్ని మీటలు నున్నగా అరిగిపోతాయి. ఏ అక్షరమో కనపడదు. అట్లాంటివి ఊడదీసి టైటస్ షాపుకు తెచ్చేవాడు.

బాగా పాతకాలపు మిషన్లయితే పని తేలిక. గుండ్రంగా కత్తిరించిన కాగితం మీద అక్షరం రాసి, పైన అద్దంలాంటి బిళ్ల పెట్టి, చుట్టూ రేకు బిగిస్తే సరి. ప్లాస్టిక్ మీటలకైతే అక్షరం చెక్కాలి. టైటస్ దగ్గర అందుకొక మిషన్ ఉండేది. దాని ఒక చేతిని అరచేయంత ఇత్తడి అక్షరం గాడిలో నడిపిస్తే, రెండో చేతికున్న సూది అదే అక్షరాన్ని మీట మీద చిన్నగా తొలిచేది. ఆ గాడిలో ఎలిశబెతు తెల్లరంగు నింపి, ఆరకముందే పైపైన గుడ్డతో తుడిచేది. పైనున్న రంగు పోయి, గాడిలోది నిలిచేది. పెళ్లయినప్పటి నుంచీ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర అట్లా పనిచేసినారు.

పోయిన ఏడాది ఎండాకాలంలో, అల్లూరులో రేవతి నడిపే ఇన్‌స్టిట్యూట్‌కు పోయి మిషన్ విప్పుతూ, టైటస్ కుర్చీలోనే ఒరిగిపోయినాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

సమాధి దగ్గర ఎలిశబెతు ఏడవలేదు. ప్రార్థన చేస్తున్న పాస్టరుగారి చొక్కాకు ఒక బొత్తాం ఊడివుండటం చూస్తా నిలబడింది. వారం తిరక్కముందే షాపు తెరిచింది. ఆడబిడ్డ ఏంజెలిన్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఏంది వదినా ఇది? జనం ఏమనుకుంటారు?”

“రేవతి మిషన్ల పని ఆగిపోయింది. పరీక్షలు దగ్గరకొచ్చినాయంట.”

“మా అన్న పోయినాడని నీకు బాధ లేదా?”

“ఏమో ఏంజెలిన్. లోపల వెతుక్కున్నా. ఏమీ తగల్లేదు.”

ఏంజెలిన్ అక్కడే కూర్చుని ఏడ్చింది. ఎలిశబెతు ఆమెకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

చెక్కే మిషన్‌ను ఆమె అంతకుముందు ముట్టుకున్నది లేదు. మొదటి మీట పగిలింది. రెండోదాని మీద ‘ర’ తలకట్టు వంకరపోయింది. పాడైతే అయ్యో అనిపించలేదు, బాగా వచ్చినప్పుడు హమ్మయ్య అనీ అనిపించలేదు. చేతులు మాత్రం నేర్చుకున్నాయి.

పని అయ్యాక మీటలు డబ్బాలో పోసుకుని అల్లూరు బస్సెక్కింది. ఇన్‌స్టిట్యూట్‌లో రేవతి గబగబా స్టూలు తెచ్చి వేసింది.

“ఆ కుర్చీ వద్దులే అక్కా.”

“ఆయన కూర్చున్నది అదేనా?”

“ఊఁ. బయట పారేద్దామనుకున్నా. చేతులు రాలేదు.”

ఎలిశబెతు స్టూలు చూసింది, కుర్చీ చూసింది. మిషన్ ఎత్తుకు కుర్చీయే సరిపోతుంది. అందులోనే కూర్చుని మీటలు ఒక్కొక్కటే బిగించింది. మధ్యాహ్నం తెచ్చుకున్న పెరుగన్నం కూడా అక్కడే తినింది. రేవతి చూడలేక పక్కగదిలోకి పోయింది.

బయల్దేరేటప్పుడు రేవతి అడిగింది, “కాసేపు ఉండి పోరాదా అక్కా? మాట్లాడుకుందాం.”

“బస్సుంది,” అనింది ఎలిశబెతు. బస్సు రావడానికి ఇంకా చాలాసేపుంది. రోడ్డు పక్కన రొయ్యల గుంటలో గాలి పట్టించే చక్రాలు నీళ్లు చిమ్ముతుంటే చూస్తా నిలబడింది.

ఇప్పుడు టైపు మిషన్ల పని తగ్గింది. ఆ చెక్కే మిషన్ మీదే ఇళ్లకూ ఆఫీసులకూ పేరు పలకలు చెక్కుతోంది. ఎవరి పేరైనా ఒకటే, గాడి నింపుతుంది, తుడుస్తుంది. ఆదివారాలు ఏంజెలిన్ వచ్చి చర్చికి తీసుకుపోతుంది. ఎలిశబెతు అందరితో పాటు లేచి పాడుతుంది. ఏడుపు ఇంతవరకూ రాలేదు. ఏంజెలిన్ అడగడం మానేసింది. వస్తా వస్తా చేపలు కొనుక్కొచ్చి ఇద్దరూ పులుసు వండుకుంటారు.

“ఉప్పు ఎక్కువైంది వదినా,” అంటుంది ఏంజెలిన్.

“అవునా?” అని ఎలిశబెతు ఇంకోసారి నోట్లో వేసుకుని చూస్తుంది.